ఆ చివరి ఎస్సు పలకాలా, మింగేయాలా?

పోయిన సంచికలో డెట్రాయిట్ అనే పేరు ఫ్రెంచోళ్ళు పెట్టిందని, 1701లో కాడిలాక్ అనే ఆయన అక్కడ కోట కట్టించాడని, రోడ్డు మీద తిరిగే కాడిలాక్ కారుకి ఆయన పేరే పెట్టారని ఒక్క ముక్క రాశానో లేదో, ఇక ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు ఆగట్లేదు. అందరిదీ ఒకటే గోల, ఫ్రెంచ్ నుంచి వచ్చిన పేర్లని ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడు ఎలా పలకాలి అని. సరే, ఈసారి శీర్షిక మొత్తం వాటికే ఇచ్చేద్దాం. పలికే తీరుని తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నా, దగ్గర దగ్గరగా ఉంటుంది, పూర్తిగా అచ్చు గుద్దినట్టు మాత్రం ఉండదు, సర్దుకోండి.

ప్రశ్న: మాస్టారూ, మా అబ్బాయికి ఐయోవాలో ఉద్యోగం వచ్చింది. ఊరు డెస్ మోయిన్స్ అని నేను చుట్టాలందరికీ చెప్పుకుంటుంటే ఫోన్‌లో ఒకటే నవ్వు, "ద మోయిన్ అనాలమ్మా, ఆ రెండు ఎస్సులూ పలకకూడదు" అంటాడు. సరే నేర్చుకున్నా. మొన్న మా ఆడపడుచు కూతురు వాళ్ళు షికాగో దగ్గర ఇల్లు కొన్నారు, ఆ ఊరి పేరు డెస్ ప్లేన్స్ అట, నేను తెలివిగా "ద ప్లేన్" అన్నాను, వాళ్ళూ నవ్వారు. అక్కడ రెండు ఎస్సులూ పలకాలట! స్పెల్లింగ్‌లో ముందు ముక్క రెండింటికీ ఒకటేగా, ఇదేం న్యాయం? (ఒక అమ్మ, తెనాలి)

జవాబు: ఊళ్ళ పేర్ల దగ్గర న్యాయం అడక్కండమ్మా. మీ అబ్బాయి చెప్పిందీ రైటే, మీ ఆడపడుచు కూతురు చెప్పిందీ రైటే. అమెరికా మధ్య భాగమంతా ఇంగ్లీషు వాళ్ళ కంటే ముందు ఫ్రెంచ్ వాళ్ళు తిరిగారు, 1673లో మార్కెట్ అనే ఫాదరీ, జోలియే అనే ఇంకొకాయన పడవలేసుకుని మిసిసిపీ నది మీద కిందికి దిగారు, 1682లో ల సాల్ అనే ఆయన ఆ నది సముద్రంలో కలిసే దాకా వెళ్ళి ఈ లోయంతా మా రాజుగారిదే అని ప్రకటించేసి పద్నాలుగో లూయీ పేరు మీద లూయిజియానా అని పేరు పెట్టేశాడు. తర్వాత 1718లో న్యూ ఆర్లిన్స్, 1764లో సెయింట్ లూయిస్. 1803లో నెపోలియన్ ఆ భూమంతా కోటిన్నర డాలర్లకి అమెరికాకి అమ్మేశాక తూర్పు నుంచి ఇంగ్లీషు మాట్లాడే జనం బళ్ళు కట్టుకుని దిగారు. ఊళ్ళ పేర్లేమో ఫ్రెంచ్‌వి, చదివేది ఇంగ్లీషు వాళ్ళు. కొన్ని చోట్ల పాత వాళ్ళు పలుకుతుంటే చెవితో విని పట్టుకున్నారు, కొన్ని చోట్ల మ్యాప్ మీద అక్షరాలు చూసి చదివేసుకున్నారు, ఎక్కడ ఏది జరిగిందో ఆ పలుకే నిలిచిపోయింది.

మీకు ఇంకో తమాషా చెప్తా. ఆ డెస్ ప్లేన్స్ ఉన్న రాష్ట్రాన్ని మనం ఇల్లినాయిస్ అని రాస్తాం కదా, అక్కడ దాన్ని "ఇలినాయ్" అంటారు. రాష్ట్రం పేరులో ఎస్సు మూగది, ఊరి పేరులో రెండు ఎస్సులూ నోరున్నవే! ఇందాకటి పడవ ఆయన జోలియే పేరు మీద అదే రాష్ట్రంలో ఊరుంది, దాన్ని "జోలియెట్" అని చివర టీ కొట్టి మరీ పలుకుతారు. పోనీ మీ అబ్బాయి నేర్పినట్టు "ద మోయిన్" అన్ని చోట్లా పనికొస్తుందా అంటే అదీ లేదు, సియాటెల్ ఎయిర్‌పోర్ట్ పక్కన అదే స్పెల్లింగ్‌తో ఇంకో ఊరుంది, అక్కడ "ద మోయిన్జ్" అని చివర వినిపిస్తుంది. సెయింట్ లూయిస్‌లో ఎస్సు పలుకుతారు, కెంటకీలో లూయివిల్‌లో పలకరు. రెండూ ఫ్రెంచి రాజుల పేర్లే, మొదటిది తొమ్మిదో లూయీ, రెండోది పదహారో లూయీ.

కెంటకీలోనే వెర్సాయ్ స్పెల్లింగ్‌తో ఒక ఊరుంది, పారిస్ పక్కన రాజభవనం ఉన్న ఊరి పేరే, కానీ ఇక్కడ మాత్రం "వెర్సేల్స్". మీరు అక్కడికెళ్ళి నాజూగ్గా వెర్సాయ్ అన్నారనుకోండి, పెట్రోల్ బంకులో వాడు మిమ్మల్ని ఎగాదిగా చూస్తాడు. సౌత్ డకోటా రాజధాని స్పెల్లింగ్ చూస్తే పియేర్, పలికేది "పీర్". ఐడహో రాజధాని "బోయ్‌సీ". మెయిన్ రాష్ట్రంలో ఫ్రాన్స్ రేవు కాలే పేరున్న ఊరు "కాలస్" అయిపోయింది. వీటన్నిటికంటే నాకు నచ్చింది నార్త్ కరొలైనా, సౌత్ కరొలైనా జోడీ. రెండు రాష్ట్రాల్లోనూ ఒకే స్పెల్లింగ్‌తో ఒక్కో ఊరుంది, రెండూ ఒకే ఇంగ్లీషు డ్యూక్ గారి పేరు మీద పెట్టినవి, నార్త్‌లో "బోఫర్ట్", సౌత్‌లో "బ్యూఫర్ట్". తారుమారు చేశారో రెండు వైపులా కోపాలే.

ఆర్కన్సాలో అయితే ఈ గొడవ ఏకంగా అసెంబ్లీ దాకా వెళ్ళింది. అక్కడి తెగ పేరుని ఫ్రెంచోళ్ళు తమ స్పెల్లింగ్‌లో రాసుకున్నారు, చివర ఎస్సు రాశారు కానీ పలకలేదు. పక్కన కాన్సస్‌లో ఎస్సు పలుకుతారు కదా, మరి ఇక్కడ ఎందుకు పలకకూడదు అని ఒకళ్ళు, వద్దని ఒకళ్ళు. చివరికి 1881లో రాష్ట్ర శాసనసభ తీర్మానం చేసింది, మూడు ముక్కలుగా "ఆర్-కన్-సా" అనే పలకాలి, చివరి ఎస్సు పలకకూడదు అని. ఆ పేరుతోనే ఉన్న నది కాన్సస్‌లో పారే చోట మాత్రం అక్కడి వాళ్ళు హాయిగా "ఆర్‌కాన్జస్" అంటారు. ఒకటే నీళ్ళు, సరిహద్దు దాటగానే పేరు మారిపోతుంది.

అన్నట్టు మీరు ఉత్తరంలో షికాగో అని రాశారు, సంతోషం. మనలో ఎక్కువ మంది వివేకానందుడి చికాగో ప్రసంగం అనీ, మిచిగాన్ యూనివర్సిటీ అనీ అంటుంటారు. ఇవి అక్కడి తెగల మాటలే గానీ ముందుగా రాసింది ఫ్రెంచోళ్ళు, వాళ్ళకి సీ హెచ్ కలిస్తే "ష". అందుకే షికాగో, మిషిగన్.

మరి తెలుసుకునేది ఎలా అంటారా, యూట్యూబ్‌లో ఆ ఊరి లోకల్ చానల్ వెదర్ రిపోర్ట్ ఒక్కటి పెట్టుకుని వినండి. రేపు ఎక్కడ వాన పడుతుందో చెప్తూ చుట్టుపక్కల ఊళ్ళన్నిటి పేర్లూ గడగడా చదివేస్తారు. డిక్షనరీ కంటే అదే నమ్మకం.

ప్రశ్న: మన పేపర్లలో కేన్స్ ఫిల్మ్ ఫెస్టివల్ అని రాస్తారు, హిందీ చానళ్ళలో కాన్స్ అంటారు, మా ఫ్రెండ్ ఒకడు అవి రెండూ కాదు కాన్ అంటాడు. ఎవరు కరెక్టు? (సినిమా పిచ్చోడు, ఒంగోలు)

జవాబు: మీ ఫ్రెండే. ఎస్సు లేదు. ఇంగ్లీషులో "క్యాన్" అన్నా "కాన్" అన్నా నడుస్తుంది, రెండూ వింటాం. తెలుగులో రాసేటప్పుడు కేన్స్ అని స్థిరపడిపోయింది కాబట్టి పేపర్ వాళ్ళ మీద పడక్కర్లేదు, మీరు ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడు చూసుకుంటే చాలు.

ప్రశ్న: సార్, నేను బీటెక్ సెకండ్ ఇయర్ మెకానికల్. ఇంటర్‌లో మా మ్యాథ్స్ సార్ ఎల్ హాస్పిటల్ రూల్ అనేవారు, ఫిజిక్స్ సార్ డీ బ్రోగ్లీ అనేవారు, కెమిస్ట్రీలో లీ చాట్లియర్. ఇప్పుడు కాలేజీలో ఒక మేడమ్ వచ్చారు, అవన్నీ వేరేలా పలుకుతున్నారు, సగం మందికి ఆమె ఏ థీరమ్ గురించి చెప్తున్నారో కూడా అర్థం కావట్లేదు. ఎమ్మెస్‌కి వెళ్దామనుకుంటున్నా, అక్కడ మా ఇంటర్ పలుకుబడితో పరువు పోతుందా? (కాకినాడ)

జవాబు: పరువు పోదు తమ్ముడూ, కానీ ఒకట్రెండు చోట్ల ఎదుటివాడికి అర్థం కాదు, అది ఇంకా ఇబ్బంది. నువ్వు మెకానికల్ అన్నావు కాబట్టి ముందు నీ సబ్జెక్టులో ఉన్నదే చెప్తా. రాడ్‌ని లాగితే పొడవు పెరిగి అడ్డం సన్నబడుతుంది కదా, ఆ నిష్పత్తిని మన కాలేజీల్లో తొంభై శాతం మంది "పాయిజన్స్ రేషియో" అంటారు. విషం కాదు నాయనా అది! ఆయన పేరు ఇంగ్లీషులో "ప్వాసాన్". ఫ్రెంచ్‌లో ఓ ఐ పక్కపక్కన వస్తే "వా", ఇది ఒక్కటి గుర్తు పెట్టుకుంటే చాలా పేర్లు దారికొస్తాయి. ఫ్రెంచోడు చివరి ముక్కని ముక్కుతో పలుకుతాడు, "ప్వాసోఁ" లాగా. మన పాత పుస్తకాల్లో అరసున్న ఉంటుంది చూడు, ఇప్పుడెవరూ రాయట్లేదు గానీ ఈ ఫ్రెంచ్ ముక్కు సౌండ్ రాయడానికి అంతకంటే మంచి గుర్తు ఇంగ్లీషులో కూడా లేదు. ఇంగ్లీషు వాళ్ళకి ఆ సౌండ్ రాదు కాబట్టి నిండుగా "న్" అనేస్తారు, నువ్వూ అలాగే అను.

ఇక హాస్పిటల్. ఇది మాత్రం మీ ఇంటర్ సార్‌ని నేను వెనకేసుకొస్తా, ఎందుకంటే స్పెల్లింగ్‌లో ఆయన తప్పేం లేదు. ఆ పేరు గల దొర 1661లో పుట్టి 1704లో పోయాడు, ఆ రోజుల్లో ఆ పేరుని ఎస్సు పెట్టే రాసేవాళ్ళు, అంటే అక్షరాలా హాస్పిటల్ స్పెల్లింగే. అయితే ఫ్రెంచ్ నోళ్ళలో ఆ ఎస్సు అప్పటికే ఎప్పుడో చచ్చిపోయింది, రాతలో మాత్రం శవంలా మిగిలింది. 1740లో ఫ్రెంచ్ అకాడమీ వాళ్ళు కొత్త డిక్షనరీ వేసినప్పుడు ఇలాంటి చచ్చిన ఎస్సులని చాలా మాటల్లోంచి పీకేసి, ముందున్న అచ్చు మీద చిన్న టోపీ పెట్టారు. అందుకే ఇప్పటి పుస్తకాల్లో ఓ మీద టోపీతో కనిపిస్తుంది, పాత పద్ధతి పుస్తకాల్లో ఎస్సుతో కనిపిస్తుంది, ఎలా రాసినా పలికేది మాత్రం "లోపిటాల్". ముందున్న ఎల్ విడిగా పలకకూడదు, ఓలో కలిపేయాలి, హెచ్ లేనట్టే.

ఫ్రెంచ్ వాళ్ళకే తికమక పెట్టే పేరు డీ బ్రోగ్లీ. 1929లో నోబెల్ వచ్చినాయన. వాళ్ళ పూర్వీకులు ఇటలీలో పీడ్‌మాంట్ వైపు నుంచి వచ్చారు, స్పెల్లింగ్ ఆ వాసనతో ఉండిపోయింది, పలికేది "ద బ్రోయ్". జీ ఎల్ ఐ మూడూ కలిసి య్ అయిపోయాయి. ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళలో "ద బ్రోలీ" అనేవాళ్ళూ ఉన్నారు, తప్పు పట్టరు, కానీ గ్ మాత్రం ఎవరూ పలకరు. కెమిస్ట్రీ ఆయన "ల షటెలియే". కోషీని మనవాళ్ళు కౌచీ చేశారు, చూడు ఇక్కడ కూడా షికాగో లాగా సీ హెచ్ అంటే ష. లప్లాస్, లగ్రాంజ్, గల్వా. ఫూరియే అన్నా ఫూరియర్ అన్నా ఇంగ్లీషు డిక్షనరీలు ఒప్పుకుంటాయి, ఫోరియర్ మాత్రం వద్దు.

డిమోయర్ థీరమ్ ఉంది కదా, ఆయన కథ వేరు. 1667లో ఫ్రాన్స్‌లో పుట్టాడు, ప్రొటెస్టెంటు, 1685లో అక్కడి రాజు ప్రొటెస్టెంట్లకి ఉన్న హక్కులు తీసేయడంతో ఇంగ్లండ్‌కి వెళ్ళిపోయాడు. ఉద్యోగం రాలేదు, లండన్‌లో కాఫీ హౌసుల్లో కూర్చుని, ఇళ్ళకెళ్ళి ట్యూషన్లు చెప్పి బతికాడు, న్యూటన్‌కి స్నేహితుడు, 1754లో లండన్‌లోనే పోయాడు. బతుకులో ఎక్కువ భాగం ఇంగ్లీషు వాళ్ళ మధ్యే గడిచింది, కాబట్టి "ద మ్వావ్ర్" అనేవాళ్ళతో పాటు "ద మోయ్‌వర్" అనేవాళ్ళు కూడా అక్కడి క్లాసుల్లో దొరుకుతారు, ఏదైనా పర్లేదు.

యూనిట్ల దగ్గరికొచ్చేసరికి మాత్రం ఫ్రెంచ్ ఊసే ఎత్తకు. యాంపియర్, ప్యాస్కల్, బెకరెల్ ఇవన్నీ ఇంగ్లీషు మాటలైపోయాయి, ఫ్రెంచ్ ముక్కు పెట్టి పలికితే ల్యాబ్‌లో నవ్వుతారు. ఒక్క కూలుంబ్ దగ్గర ఆ చివరి బీ తీసెయ్యి, "కూలామ్". ఇక వైవాలో మీ కాలేజీ ఎగ్జామినర్ పాయిజన్ అంటే నువ్వూ పాయిజన్ అనే అను, మార్కులు వచ్చాక ప్వాసాన్ చేసుకుందువు గాని.

ప్రశ్న: అన్నా, హైటెక్ సిటీలో ఇన్సూరెన్స్ ప్రాసెస్‌లో నైట్ షిఫ్ట్. మా టీమ్‌కి ఈ మధ్య లూయిజియానా కాల్స్ వేశారు. ప్రతి రెండో కస్టమర్ ఇంటిపేరు ఈ, ఏ, యూ, ఎక్స్ అనే నాలుగు అక్షరాలతోనే అయిపోతుంది. ఒకాయన్ని "మిస్టర్ హెబర్ట్" అన్నాను, "నా పేరే రానోడికి నా క్లెయిమ్ ఏం వస్తుంది" అని పెట్టేశాడు. ఏం చెయ్యాలి?

జవాబు: ఆ కస్టమర్ మరీ చిరాకు మనిషి అనుకుంటా తమ్ముడూ, కానీ ఆయన పేరు అక్కడ "ఏబేర్". హెచ్ లేదు, టీ లేదు. అదే స్పెల్లింగ్ వేరే రాష్ట్రంలో ఉన్న మనిషిదైతే హెబర్ట్ అయినా కావచ్చు, అక్కడే ఉంది చిక్కంతా. నీ స్క్రీన్ మీద పేరుతో పాటు అడ్రస్ కూడా కనిపిస్తుంది కదా, లూయిజియానా అయితే ఏబేర్‌తో మొదలుపెట్టు. ఈ ఏ యూ ఎక్స్ ఎంత పొడుగున్నా వినిపించేది ఒక్క "ఓ". బూడ్రో, టిబడో, ఆర్సనో, రోబిషో, అంతా ఓ. ఓ టీ తో ముగిసినా అంతే, "ఫాంటెనో". బెనోయిట్ అని కనిపిస్తే అక్కడ "బెన్వా", ఇందాక మెకానికల్ తమ్ముడికి చెప్పిన ఓ ఐ రూలే.

వీళ్ళు పేరు దగ్గర అంత పట్టుదలగా ఉండటానికి కారణం ఉంది. చాలా మంది పూర్వీకులు కెనడా తూర్పు తీరంలో అకేడియా అనే చోట ఉండేవాళ్ళు, 1755లో బ్రిటిష్ వాళ్ళు ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ చేయించి ఓడలెక్కించి తరిమేశారు, తిరిగి తిరిగి కొందరు లూయిజియానా చిత్తడి నేలల్లో స్థిరపడ్డారు. అకేడియన్ అన్నదే నలిగి కేజన్ అయ్యింది. తర్వాత 1921లో రాష్ట్ర రాజ్యాంగం బళ్ళలో చదువంతా ఇంగ్లీషులోనే అని రాసేసింది, పిల్లలు ఫ్రెంచ్ మాట్లాడితే బడిలో దండించేవాళ్ళు. రెండు తరాలు తిరిగేసరికి ఇంట్లో భాష పోయింది, మిగిలింది ఇంటిపేరు, గంబో కూర. అందులో ఇంటిపేరుని నువ్వు హెబర్ట్ చేశావు.

అలాగని ఫ్రెంచ్ ఇంటిపేరున్న అమెరికన్లందరూ ఫ్రెంచ్ లాగే పలుకుతారనుకోకు. నల్లజాతి హక్కుల కోసం రాసి పోరాడిన డబ్ల్యూ ఈ బీ డు బోయ్స్ ఉన్నాడు కదా, స్పెల్లింగ్ చూసి డు బ్వా అని చదివేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, ఆయనే 1939లో ఒక ఉత్తరంలో స్పష్టంగా రాశాడు నా పేరు "డూ బోయ్స్", చివరి ముక్క నొక్కి పలకాలి అని. ఆయన పేరు మీద ఆయన కంటే పెద్ద డిక్షనరీ ఎక్కడుంది? అమెరికన్ ఫుట్‌బాల్‌లో బ్రెట్ ఫార్వ్ అని పెద్ద ఆటగాడు, స్పెల్లింగ్‌లో వీ ముందు, ఆర్ తర్వాత, పలికేటప్పుడు తిరగేస్తారు. బియాన్సే పేరు కూడా వాళ్ళమ్మ పుట్టింటి ఇంటిపేరు, లూయిజియానా వైపుదే.

కాబట్టి కాల్ మొదట్లోనే, వెరిఫికేషన్ అడిగేటప్పుడే, మీ లాస్ట్ నేమ్ సరిగ్గా పలకాలనుకుంటున్నా, ఒకసారి చెప్తారా అని అడిగెయ్. ఐదు సెకన్ల పని. ఆయన చెప్పింది స్క్రీన్ పక్కన నోట్స్‌లో తెలుగులో రాసిపెట్టుకో, తర్వాత షిఫ్ట్ వాడికి కూడా పనికొస్తుంది. ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే మళ్ళీ అదే తిప్పలు.

ప్రశ్న: నేను లెస్టర్‌లో నర్స్‌ని. ఒక పెద్దాయన పేషెంట్ బెల్వార్ దగ్గర నుంచి వచ్చానన్నారనుకుని అలాగే రాసుకుని చదివాను, వార్డ్ మొత్తం నవ్వింది, అది బీవర్ అట. బీవర్ అంటే ఆ నీళ్ళలో ఉండే జంతువు కాదా అండీ?

జవాబు: జంతువుకీ దానికీ పలుకు ఒకటే చెల్లీ, స్పెల్లింగే వేరు. 1066లో నార్మండీ నుంచి విలియం వచ్చి ఇంగ్లండ్‌ని గెలిచాక అతనితో వచ్చిన దొరలు కోటలకి ఫ్రెంచ్ పేర్లు పెట్టుకున్నారు. చుట్టుపక్కల ఇంగ్లీషు రైతులకి నోరు తిరగక వాళ్ళకొచ్చినట్టు పలికారు, స్పెల్లింగ్ మాత్రం దొరల కాగితాల్లో అలాగే ఉండిపోయింది. అమెరికాలో వాళ్ళు రెండు మూడొందల ఏళ్ళలో చేసిన పని ఇక్కడ తొమ్మిదొందల ఏళ్ళ పాటు జరిగింది, అందుకే స్పెల్లింగ్‌కీ పలుకుకీ మధ్య బంధుత్వం కూడా కనిపించదు. బోషాఁ అనే ఇంటిపేరు "బీచమ్". హ్యాంప్‌షైర్‌లో పాత కార్ల మ్యూజియం ఉన్న ఊరు "బ్యూలీ", ఫ్రెంచ్‌లో బోల్యో. ఎసెక్స్‌లో థేడన్ బోయ్జ్, మళ్ళీ ఓ ఐ వచ్చింది కదా అని బ్వా అనకు, ఇక్కడ ఆ రూల్ పని చెయ్యదు. మీ ఊరికి దగ్గర్లోనే ఆష్బీ డి ల జూష్ ఉంది, దాన్ని పూర్తిగా పలికేంత ఓపిక లోకల్ వాళ్ళకే లేదు, ఆష్బీ అంటారు.

ఈసారి ఎవరైనా నవ్వితే మా ఊరి పేరు పలకమని తాడేపల్లిగూడెం రాసి చేతికివ్వు.

ప్రశ్న: బంజారాహిల్స్‌లో కాస్మెటిక్స్ కౌంటర్‌లో చేస్తాను. మా మేనేజర్ ఫ్రెంచ్ బ్రాండ్లకి చివరి అక్షరం ఎప్పుడూ పలకొద్దంటారు. అందుకే హెర్మెస్‌ని "ఎర్మే" అనమంటారు. నిజమేనా?

జవాబు: మీ మేనేజర్‌గారు సగం ఫ్రెంచ్ నేర్చుకుని ఆపేసినట్టున్నారు. హెచ్ పలకకూడదు అన్నది కరెక్టే, ఆ చివరి ఎస్సు మాత్రం పలకాలి, "ఎర్మెస్". ఇంగ్లీషు వాళ్ళు "ఎర్మెజ్" అని కూడా అంటారు, ఏదైనా ఎస్సు ఉండాల్సిందే. మొయెట్ షాంపేన్ కూడా అంతే, టీ పలకాలి, మొయే అని నాజూగ్గా అంటే స్టైల్ కొట్టబోయి దొరికిపోయినట్టు. టెన్నిస్‌లో ఫ్రెంచ్ ఓపెన్ జరిగే రోలాఁ గరోస్ కూడా ఎస్సుతోనే, ఆయన విమానం నడిపిన పైలట్, టెన్నిస్ ఆటగాడు కాదు. నన్నడిగితే పలకాల్సింది మింగేయడం, మింగాల్సింది పలకడం కంటే పెద్ద తప్పు, ఎందుకంటే రెండో దాంట్లో కనీసం బడాయి ఉండదు.

లూయీలో ఎస్సు మింగొచ్చు, "లూయీ విటాన్" అంటే చాలు. లోరియాల్ తేలికే. కార్ల షోరూమ్‌కెళ్తే రెనాల్ట్ అని జనం అంటారు, కంపెనీ తన యాడ్స్‌లో "రెనో" అంటుంది, అమెరికాలో చాలా మంది నిజంగానే రెనాల్ట్‌కి దగ్గరగా పలుకుతారు, కాబట్టి మీ బావగారు రెనాల్ట్ కొన్నానంటే సరిదిద్దకండి. మిషెలిన్ టైర్లు అలాగే ఇంగ్లీషు పద్ధతిలో అనొచ్చు.

మీ కౌంటర్‌లోనే ఉండే లాక్మే సంగతి తెలుసా? 1952లో టాటా వాళ్ళు పెట్టిన కంపెనీ, పేరు మాత్రం 1883లో పారిస్‌లో ఆడిన ఒక సంగీత నాటకం నుంచి తీసుకున్నారు. అందులో హీరోయిన్ మన దేశపు పూజారి కూతురు, పేరు లక్ష్మి. ఫ్రెంచోళ్ళ నోట్లో లక్మే అయ్యింది, మళ్ళీ ఇక్కడికొచ్చి మన ఆడపిల్లల హ్యాండ్‌బ్యాగుల్లో చేరింది.

ప్రశ్న: బొబ్బిలి యుద్ధం పాఠం చెప్తుంటే ఇంగ్లీషు మీడియం పిల్లలు బుస్సీని "బస్సీ" అంటున్నారు, బస్సులో ఎక్కినట్టు. సరిదిద్దాలా? (ఒక టీచర్, విజయనగరం జిల్లా)

జవాబు: సరిదిద్దండి మేడమ్. ఫ్రెంచ్ యూ అంటే పెదాలు ఊ అన్నట్టు గుండ్రంగా పెట్టి లోపల ఈ అనడం, అది మనకీ లేదు, ఇంగ్లీషు వాళ్ళకీ లేదు, ఉన్నవాటిలో దగ్గరిది ఉ. 1757లో ఆయన ఫిరంగుల్ని చూసినవాళ్ళ దగ్గర నుంచి బొబ్బిలి కథ పాడినవాళ్ళ దాకా అందరూ బుస్సీ అనే అన్నారు, ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడూ బుస్సీనే వాడమనండి. హైదరాబాద్‌లో నిజాం దగ్గర సైన్యం నడిపి 1798లో పోయిన రేమండ్ దొరని అక్కడి జనం మూసా రహీమ్ అని, మూసారామ్ అని ఎవరికి తోచినట్టు వాళ్ళు పిలుచుకున్నారు, మూసారాంబాగ్ ఆయన పేరే. ఆయన్ని మాత్రం ఇంగ్లీషులో "రేమండ్" అంటే సరిపోతుంది, మూసారామ్ అంటే హిస్టరీ పేపర్ దిద్దేవాళ్ళకి అర్థం కాదు.

ప్రశ్న: అమెరికాలో ఇండియానాలో యూనివర్సిటీలో సీటొచ్చింది. నోత్ర దామా, నోటర్ డేమా? వీసా ఇంటర్వ్యూ వచ్చే వారమే. అర్జెంటు.

జవాబు: "నోటర్ డేమ్". 1842లో ఫ్రెంచ్ ఫాదరీయే మొదలుపెట్టినా ఇప్పుడు అక్కడ చదివేవాళ్ళు, చదువు చెప్పేవాళ్ళు, ఫుట్‌బాల్ చూసేవాళ్ళు అందరూ అలాగే అంటారు. నోత్ర దామ్ అంటే పారిస్‌లో చర్చి, 2019లో కాలిపోయి మళ్ళీ కట్టారే, అది. కౌంటర్‌లో ఆఫీసర్ ఏ యూనివర్సిటీ అనగానే తడుముకోకుండా నోటర్ డేమ్, ఇండియానా అని చెప్పు. కంగ్రాట్స్.